లాకు తలుపులు కలిసిన రోజు

ఈమధ్య మా ఇరిగేషన్ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు రాజమండ్రిలో మా ఇంటికి వచ్చారు. ఏఈ ఉద్యోగాలు, అంటే అసిస్టెంట్ ఇంజనీరు ఉద్యోగాలు, వచ్చిన సంబరం ఇంకా ముఖాల మీదే ఉంది. కాఫీ తాగుతూ ఒకమ్మాయి అడిగింది.

"సార్, నాకిచ్చిన సెక్షన్లో లాకులు ఉన్నాయని రాశారండి. వెళ్ళి చూస్తే తాళమూ లేదు, గొళ్ళెమూ లేదు. మరి దాన్ని లాకు అని ఎందుకంటారండీ?"

పక్కనున్న కుర్రాడు కిసుక్కున నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. లాకుని చూసి ఎవరైనా నవ్వితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ పిల్లని ఏమీ అనలేదు లెండి, అడగాల్సిన ప్రశ్నే అడిగింది. జవాబు మొదలుపెట్టాను. కాఫీలు చల్లారాయి, మధ్యాహ్నమైంది, మా ఆవిడ వాళ్ళకి భోజనాలు కూడా పెట్టేసింది, నా జవాబు మాత్రం అవలేదు. "ఇదంతా రాసిపెట్టండి సార్, మాకు పనికొస్తుంది" అని వెళ్ళేటప్పుడు అన్నారు. రాస్తున్నాను. ముందే చెప్పేస్తున్నాను, ఇది నేను గెలిచిన కథ. ఓడినవి చాలా ఉన్నాయి కానీ వాటిని రాయమని ఎవరూ అడగలేదు.

ముందు ఆ మాట సంగతి. లాక్ అనే ఇంగ్లీషు మాట తెలియనివాళ్ళు మన వైపు లేరు. బడి మొహం చూడని ముసలమ్మ కూడా "ఫోను లాకైపోయింది బాబూ, కాస్త తియ్యి" అంటుంది. బండికి లాకు, బ్యాంకులో లాకరు, పోలీసు స్టేషన్లో లాకప్పు. ఫ్యాక్టరీ మూసేస్తే లాకౌటు, కరోనా వచ్చినప్పుడు దేశం మొత్తానికి లాక్‌డౌను. దవడలు బిగుసుకుపోయే ధనుర్వాతాన్ని లాక్‌జా అంటారు. కుస్తీలో అవతలివాడి చెయ్యి మెలిపెట్టి కదలనివ్వకుండా పట్టేస్తే అదీ లాకే. పాతకాలపు తుపాకీలో మందు అంటించే భాగం కూడా లాకే.

ఇవన్నీ నాకు మా ఆవిడ చెప్పినవే. ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేసి రిటైరైంది. ఏ మాటనీ ఊరికే వదలదు. పెళ్ళైన కొత్తలో నా ఉద్యోగం లాకుల దగ్గర అని తెలియగానే ఆవిడ చేసిన మొదటి పని, పుట్టింటి నుంచి తెచ్చుకున్న లావుపాటి డిక్షనరీ తీయడం.

"మీ లాకు చాలా పాతదండీ" అంది. "వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులోనే ఉంది. అప్పుడు దానికి గడియ అని అర్థం. మూసి ఉంచిన చోటుని కూడా అలాగే అనేవారట. ఆ కుటుంబంలోదే ఒక మాట ఫ్రాన్సు చేరి, చిన్న గడియ అనే అర్థంతో అక్కడ కొన్నాళ్ళుండి, లాకెట్టు అయి ఇంగ్లీషులోకి తిరిగొచ్చింది."

"అయితే నీ మెళ్ళో లాకెట్టు మా లాకుకి మనవరాలన్నమాట."

"అలాగే అనుకోండి. జుట్టు పాయని కూడా లాక్ అనే అంటారు కానీ అది మీ చుట్టం కాదు. దాని పుట్టుక వేరు, వంపు తిరిగినది అనే అర్థంలోంచి వచ్చిందంటారు. పలకడం, రాయడం ఒకటైపోయాయి, అంతే."

నేను కొత్త పెళ్ళికొడుకుని, హుషారుగా ఉన్నాను. "పెళ్ళిని వెడ్‌లాక్ అంటారుగా. అంటే మనకి తాళం పడిపోయినట్టేగా" అన్నాను.

ఆవిడ పేజీ తిప్పి, వేలు పెట్టి చదివి, తలెత్తింది. "ఇందులో లాక్ కూడా మీది కాదు. ఇది పాత ఇంగ్లీషులో మాట చివర తగిలించే తోక. చేసే పనిని చెబుతుంది. మాట ఇవ్వడం, దానికి కట్టుబడి నడవడం, అదీ వెడ్‌లాక్. తాళమేమీ పడలేదు. తలుపు తీసే ఉంది, వెళ్తారా?"

నేను వెళ్ళలేదు. ఇప్పటికీ ఇక్కడే ఉన్నాను.

మన డెల్టాలో ఈ మాట ఎప్పుడూ బహువచనమే. "లాకుల దగ్గర దిగేవాళ్ళు ముందుకి రండి" అని కండక్టరు అరుస్తాడు. లాకుల సెంటరు, లాకుల పక్క టిఫిను కొట్టు, లాకులవతల కల్యాణ మండపం. ఆ పక్కనే పుట్టి పెరిగినవాళ్ళలో కూడా చాలామంది అందులోంచి పడవ దాటడం చూసి ఉండరు. పడవలు పోయి లారీలు వచ్చాయి, మాట మాత్రం ఊరి పేరులా మిగిలిపోయింది.

చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కాలువ మెరక నుంచి పల్లానికి దిగేచోట నీళ్ళు దూకుతాయి. నీళ్ళు దూకినట్టు పడవ దూకలేదు కదా. అందుకని పక్కనే రాతిగోడలతో పొడుగాటి గది ఒకటి కడతారు, పైకప్పు ఉండదు. ఎగువన ఒక జత తలుపులు, దిగువన ఒక జత, మూస్తే ఏ జతకాజత ఎగువకి మొన తిరిగి కలుస్తాయి. దిగువ తలుపులు మూసి గదిని నింపితే నీరు ఎగువ మట్టానికి వస్తుంది, అప్పుడు ఎగువ తలుపులు తీస్తే పడవ లోపలికి వస్తుంది. మళ్ళీ ఎగువవి మూసి, దిగువ తలుపుల్లో ఉండే చిన్న తూములు తీస్తే నీరు మెల్లగా తగ్గుతుంది, దానితోపాటే పడవా దిగుతుంది. ఆ తర్వాత దిగువ తలుపులు తీస్తే పడవ తన దారిన పోతుంది. ఇంజను లేదు, కరెంటు లేదు. ఇంటి తలుపుకుండే లాకు మనిషిని ఆపుతుంది, మా లాకు పడవని దాటిస్తుంది. ఆ మాటకున్న అర్థాలన్నిటిలో ఇదే గొప్పదని నా అభిప్రాయం. మా ఆవిడ ఒప్పుకోదు, లాకెట్టు అంటుంది.

నా ఆఖరి పోస్టింగు పాలకొల్లుకి దిగువన, సముద్రానికి దగ్గరైన ఒక సెక్షన్లో. అక్కడ ఒక లాకు ఉంది. కాలువల ఆధునికీకరణలో దానికి కొత్త ఇనప తలుపులు పెట్టారు. పెట్టిన రోజు ఒకసారి మూసి, ఒకసారి తీసి, ఫొటోలు దిగి వెళ్ళిపోయారు. అప్పటినుంచి ఎగువ తలుపులు మూసే ఉన్నాయి, దిగువవి గోడల్లోకి ముడుచుకుని బార్లా తెరిచే ఉన్నాయి.

అక్కడ నాకు తోడు ఒక లస్కరు. కాలువ మీద షట్టర్లు ఎత్తి దించే మనిషిని లస్కరు అంటాం. ఆ మాటకి అసలు అర్థం సైన్యమని మా ఆవిడ ఒకసారి నోరుజారింది. ఆ రోజు నుంచి అతను కాలరు ఎగరేసుకుని తిరిగేవాడు. మంచివాడే, పనికి వెనకాడడు. కానీ ఏది అడిగినా తెలియదనడు, ఏ రోగానికైనా అతని దగ్గర మందు ఒక్కటే, గ్రీజు.

ఆ ఏడు వినాయక చవితి వెళ్ళింది, నిమజ్జనాలు అయ్యాయి, వెంటనే వాయుగుండం పట్టుకుంది. వాన తెరిపి ఇవ్వలేదు. తెల్లారేసరికి తొలిపంట సార్వా చేలన్నీ చెరువులైపోయాయి. వరి అప్పుడు పొట్ట మీద ఉంది. అంటే కంకి బయటికి రాలేదు, ఇంకా మొక్క లోపలే ఉంది. ఆ దశలో చేను మునిగి నీరు లాగకపోతే కంకి లోపలే కుళ్ళిపోతుంది.

ముంపు నీరంతా పోవలసింది ఒకే మురుగు కాలువలోంచి. మా కాలువ చివర ఆ మురుగు కాలువలో కలిసేచోట ఒక పాత వంతెన ఉంది. దాని కింద గుర్రపుడెక్క వచ్చి మేట వేసింది. ఎంతగానంటే కుక్కలు దాని మీద నడిచి అవతలి ఒడ్డుకి వెళ్తున్నాయి. దాన్ని లాగాలంటే పంటు మీద, అంటే వెడల్పాటి బల్లపరుపు పడవ మీద, కూర్చోబెట్టిన పొక్లెయిన్ కావాలి. అది మా దగ్గర ఉంది, కానీ లాకులకి ఎగువన ఉంది. గట్టు రోడ్డు కోసుకుపోయింది కాబట్టి లారీ మీద తేవడానికి లేదు. నీటి మీదే రావాలి, నీటిదారికి అడ్డంగా లాకు.

వాన తగ్గిన పొద్దున నేను వెళ్ళేసరికి లాకు గోడ మీద ఒకావిడ కూర్చుని ఉంది. పక్క ఊరి కౌలు రైతు. భర్త పోయాక కూడా చేను వదలకుండా తనే సాగు చేసుకుంటోంది. నన్ను చూసి లేచింది.

"ఏఈ గారండీ, నీరు ఎప్పటికి లాగుద్దండి?"

"మిషను వస్తోందమ్మా. లాకు దాటించేస్తే ఇక ఎంతసేపు."

"పోయినేడు ఇలాగే పోయిందండి పంట. ఈపాలి కూడా పోతే చేను ఇంకోళ్ళకి ఇచ్చేత్తానన్నారండి ఆసామి గారు. నేను కాపరానికి వచ్చిన కాణ్ణించీ చేత్తన్న చేనండి అది. మా ఆయన పోయినప్పుడు ఆ గట్టు మీద కూచునే ఏడిచానండి. అది లేకపోతే నేను పొద్దున్నే లేచి ఎక్కడికెళ్ళాలండి?"

నేను నీళ్ళ వైపు చూస్తూ "లాగుద్దమ్మా" అన్నాను. ఆవిడ మళ్ళీ గోడ మీద కూర్చుంది, మేం పని మొదలుపెట్టాం.

తలుపు మీద నుంచి ఒడ్డు మీదికి ఒక పొడుగాటి దూలం వస్తుంది. దాన్ని నడుంతో నెడితే తలుపు తిరగాలి. దిగువ తలుపుల్లో ఎడమది చెప్పినమాట విని తిరిగి వచ్చేసింది. కుడిది సగంపైన వచ్చి మొరాయించింది. పదిమంది నెట్టాం, ఇరవైమంది నెట్టాం. రెండు తలుపుల మధ్య మనిషి దూరే సందు ఉండిపోయింది. ఆ సందు ఉండగా గది నిండదు, గది నిండకపోతే పంటు రాదు.

"గ్రీజండి" అన్నాడు లస్కరు. "గ్రీజు పట్టిత్తే అదే వత్తదండి."

డబ్బాడు గ్రీజు పట్టించాం. తలుపు నిగనిగలాడింది, కదల్లేదు. ట్రాక్టరు తెచ్చి తాడు కట్టి లాగించాం. తాడు ఫట్‌మని తెగి, వెనకనుంచి పట్టుకున్నవాళ్ళం అందరం బురదలో వెల్లకిలా పడ్డాం. నా షర్టు మీద ఆ మరక ఇప్పటికీ ఉంది, మా ఆవిడ దాన్ని పారేస్తానంటే నేను పారేయనివ్వలేదు.

అంతలో మా పైఆఫీసరు డీఈ గారు వచ్చారు. వయసులో నాకన్నా బాగా చిన్న. వేరే జిల్లా నుంచి కొత్తగా వచ్చారు. మంచి ఆఫీసరే, కానీ పైనుంచి ఫోను మీద ఫోను.

"ఏఈ గారూ, ఇక లాభం లేదు. రేపు మధ్యాహ్నానికి గ్యాస్ కట్టరు వాళ్ళని రమ్మన్నాను. ఎగువ తలుపులు కోసేద్దాం, పంటు దిగిపోతుంది."

"పంటుతోపాటు ఎగువనున్న నీళ్ళన్నీ దిగిపోతాయి కదండీ. మునిగిన చేల మీదికి మనమే మళ్ళీ నీళ్ళు తోలినట్టవుతుంది. ఆ ఉరవడికి పంటు వెళ్ళి వంతెనకి కొట్టుకుంటే?"

"తెలుసండి. మీ దగ్గర ఇంకో దారి ఉంటే చెప్పండి, వింటాను."

నేను తెగిన తాడు చుట్ట చుట్టడం మొదలుపెట్టాను. ఆయన జీపు ఎక్కుతూ, "అయినా పడవలే లేని రోజుల్లో ఈ లాకు ఎందుకండీ, దారికి అడ్డం తప్ప" అన్నారు. మామూలుగానే అన్నారు. నాకు మాత్రం ఎవరో మా ఇంటి మనిషిని తిట్టినట్టనిపించింది.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు ఓ మూలకి విసిరేశాను. మా ఆవిడ హాల్లో కూర్చుని చెల్లెలితో వీడియో కాల్ మాట్లాడుతోంది. నా వాలకం చూసి, "ఏంటండీ, మీ లాకు ఏమంటోంది?" అంది.

"ఏమంటుంది, నా పరువు తీస్తోంది. తలుపులు కలవడం లేదు. రేపు కోసేస్తారట. నీ డిక్షనరీలో తుప్పు పట్టిన లాకుని ఏమంటారో చూసి చెప్పు, రిపోర్టులో రాస్తాను."

"నా మీద ఎగురుతారేంటి, గ్రీజు రాయలేదా?" అని ఆవిడ, ఫోను వైపు తిరిగి, "ఉండవే, మీ బావగారి మూడు బాలేదు కానీ ఆయన స్టెప్పులు చూపిస్తాను, నవ్వుకుందువుగాని" అంది.

లాకుల సెంటరు కుర్రాళ్ళు పంపిన నిమజ్జనం వీడియో అది. నన్ను ముఖ్య అతిథిగా పిలిచి శాలువా కప్పారు. డప్పులు మోగుతుంటే నేనూ నాలుగడుగులు వేసిన మాట నిజం. ఆవిడ నా ఫోనులో అది పెట్టి చెల్లెలికి చూపించింది. డప్పులు, ఈలలు, రంగులు. తాళ్ళు కట్టి విగ్రహాన్ని గోడ మీద నుంచి నీళ్ళలోకి దించుతున్నారు. నేను శాలువా సర్దుకుంటూ పక్కనే నిలబడి పూలు చల్లుతున్నాను.

"ఏదీ, మళ్ళీ పెట్టు" అన్నాను.

"ఎందుకు, అంత బాగా వేశాననుకుంటున్నారా?"

"అబ్బ, పెట్టవే."

మళ్ళీ చూశాను. విగ్రహం లాకు గదిలోకి, కుడి తలుపుకి ఎదురుగా, అది తిరిగి వచ్చే మూలలోకి దిగింది. నీళ్ళు బుడబుడలాడాయి. దాని వెనకే పక్క వీధి విగ్రహం, అదీ అక్కడే. కాలువ గట్లు బురద, జారిపోతాయి. లాకు దగ్గరైతే రాతి గోడ, మెట్లు, చక్కటి లోతు. అందుకని ఏటా ఆ చుట్టుపక్కల వినాయకులందరూ అక్కడికే వస్తారు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పొద్దుటి నుంచి ఊరు ఊరంతా ఆ తలుపుతో కుస్తీ పట్టింది. పట్టినవాళ్ళలో ప్రతివాడూ నిమజ్జనంలో తాడు పట్టుకున్నవాడే. ఒక్కడికీ గుర్తు రాలేదు, పూలు చల్లిన నాకు కూడా. నీళ్ళలో దించేశాక గణపతి కైలాసానికి వెళ్ళిపోయాడని మన లెక్క. ఆయన కింద ఉన్న ఇనప ఫ్రేము ఎక్కడికి వెళ్తుందని ఎవరాలోచిస్తారు?

మా ఆవిడకి విషయం చెప్పాను. ఆవిడ, "మరి డబ్బాడు గ్రీజు?" అంది. ఫోనులో మరదలు పడీపడీ నవ్వింది. నాకు కోపం రాలేదు. అన్నం కలుపుకుని రెండోసారి కూడా వేయించుకున్నాను.

పొద్దున్నే లాకు దగ్గరికి వెళ్ళి అందరికీ చెప్పాను. గేలాలు, తాళ్ళు వేసి అడుగునున్నదంతా పైకి లాగాలన్నాను. ఎవరూ కదల్లేదు. నిన్న నాకన్నా ముందు బురదలో దూకిన కుర్రాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. లస్కరు చెప్పులు విప్పేసి దూరంగా నిలబడ్డాడు.

"దేవుడికి గేలం వేసి లాగుతామేంటండీ" అన్నాడు. "ఇంకే పని చెప్పినా చేత్తానండి. ఇది నావల్ల కాదండి."

ఆ పొద్దున కూడా గోడ మీదే కూర్చున్న కౌలు ఆవిడ వైపు చూశాను. ఆవిడైనా గట్టిగా ఒక మాట అంటే వీళ్ళు కదులుతారని నా ఆశ. ఆవిడ లేచి చేతులు జోడించింది.

"వద్దండి. నా చేను కోసం ఆయన్ని తాడేసి ఈడవద్దండి. చేను పోతే పోయింది, ఆ పాపం నాకొద్దండి."

తిట్టడానికి లేదు, ఎవరి తప్పూ లేదు. అటు చూస్తే మధ్యాహ్నానికి కట్టరు వస్తోంది. స్కూటరు తీసి తిన్నగా శివాలయానికి వెళ్ళాను. ఊళ్ళో ప్రతి పందిట్లోనూ పూజ చేయించేది అక్కడి పూజారి గారే. పెద్దాయన, మాట కాస్త విసురు. అంతా విని నన్నే ఎదురు ప్రశ్నించారు.

"ఉద్వాసన చెప్పింది ఎవరు?"

"మీరేనండి."

"నేను చెప్పాక ఆయన వెళ్ళాడా, లేదా?"

"మీరు చెప్పాక ఉంటాడేంటండీ."

"మరింకేం. వెళ్ళిన ఆయన వెళ్ళాడు. అక్కడున్నది ఆయన కూర్చున్న పీట. భోజనమయ్యాక పీట తీస్తామా, తీయమా? తీస్తాం. కాలితో తన్నం, చేత్తో తీస్తాం. అంతే తేడా. పదండి, ఆ స్కూటరు తిప్పండి."

పంచె ఎగ్గట్టి నా వెనక కూర్చున్నారు. గుంటల్లో స్కూటరు ఎగిరినప్పుడల్లా నన్ను నాలుగు చీవాట్లు పెడుతూనే ఉన్నారు. లాకు దగ్గర దిగి, గోడ మీద నిలబడి, నాతో అన్న మాటే అందరితోనూ అన్నారు. ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. అనేసి, తనే వంగి తాడు పట్టుకున్నారు.

"ఒక్కణ్ణీ లాగుతానా, ఎవరైనా వస్తారా?"

లస్కరు అందరికన్నా ముందు వెళ్ళి ఆయన చేతిలోంచి తాడు అందుకున్నాడు. ఈతొచ్చిన కుర్రాళ్ళు నడుముకి తాళ్ళు కట్టుకుని నీళ్ళలోకి దిగారు. మునగడం, చేతులతో తడిమి తాడు ముడివేయడం, పైకొచ్చి "లాగండి" అనడం. వెదురు బద్దలొచ్చాయి, గడ్డి వచ్చింది, సగం కరిగిన మట్టి వచ్చింది. ఒక ఎలుక వాహనం చెక్కుచెదరకుండా, చేతిలో లడ్డూతో సహా పైకొచ్చింది. కౌలు ఆవిడ పక్క తోటలోకి వెళ్ళి అరిటాకులు కోసుకొచ్చి గట్టు మీద పరిచింది. వచ్చిన ప్రతిదాన్నీ పూజారి గారు చేత్తో తాకి, ఆ ఆకుల మీద పెట్టించారు. చివరికి కుడి మూలలో పెద్ద ఇనప ఫ్రేము తగిలింది. కిందున్న చక్రాలతో సహా సరిగ్గా తలుపు అంచుకి అడ్డంగా కూర్చుంది. దాన్ని పైకి తేవడానికి గట్టు మీదున్న ప్రతి చెయ్యీ తాడు పట్టుకోవలసి వచ్చింది. నాకు శాలువా కప్పిన కుర్రాళ్ళ వినాయకుడిదే అది.

సరిగ్గా అప్పుడు డీఈ గారి జీపు, దాని వెనక కట్టరు వాళ్ళ వ్యాను వచ్చాయి. ఆయన దిగి, అరిటాకుల మీద ఉన్నవన్నీ చూసి, నా వైపు వచ్చారు.

"ఒక్కసారి నెట్టి చూస్తామండి" అన్నాను.

"కానివ్వండి."

దూలానికి నడుం ఆనించాం. తలుపు మొదట మూలిగింది. తర్వాత వచ్చింది, బాబూ, వచ్చింది. మేం నెడుతున్నామో అదే తిరుగుతోందో తెలియనంత నెమ్మదిగా వచ్చి ఎడమ తలుపుకి ఆనుకుంది. సందు పోయింది. ఎగువ తూములు ఎత్తాం. నీరు గదిలోకి పొంగుతూ వచ్చింది. మట్టం పెరిగేకొద్దీ ఆ నీటి బరువే రెండు తలుపుల్నీ ఒకదానికొకటి అదిమేసింది. అంచుల్లోంచి చిమ్ముతున్న జల్లు కూడా సన్నగిల్లి ఆగిపోయింది. పట్టుకునే గడియ లేదు, బిగించే మర లేదు. తను ఆపుతున్న నీటితోనే తలుపు బిగుసుకుంది. ఇన్నేళ్ళ సర్వీసులో కాగితం మీద ఎన్నోసార్లు గీసిన బొమ్మ అది. కళ్ళ ముందు జరుగుతుంటే దూలం మీద చెయ్యేసి నిమిరాను.

గది నిండింది, ఎగువ తలుపులు తీశాం, పొక్లెయిన్ని మోసుకుంటూ పంటు లోపలికి వచ్చింది. గోడలకీ దానికీ మధ్య జానెడు కూడా ఎడం లేదు. ఎగువ తలుపులు మూసి దిగువ తూములు తీశాక, అంత పెద్ద యంత్రమూ చప్పుడు లేకుండా మా కళ్ళ ముందే కిందికి దిగడం మొదలుపెట్టింది. గట్టు మీద నిలబడ్డ జనం గోడ అంచుకి వచ్చి వంగి చూశారు. మట్టాలు సమానమయ్యాక దిగువ తలుపులు తీయాలి. నేను దూలం దగ్గరికి వెళ్ళేసరికి నాకన్నా ముందు ఒకాయన ఇస్త్రీ చొక్కాతో దానికి నడుం ఆనించి ఉన్నాడు. చూస్తే మా డీఈ గారు.

తలుపులు విడిపోయాయి. పంటు బయటికి వెళ్ళగానే మొదటి ఈల లస్కరుదే. ఆ తర్వాత ఎవరు ఏం అరిచారో నాకు తెలియదు, నేనూ అరుస్తున్నాను.

"లాకు పని చేయడం చూడ్డం ఇదే మొదటిసారి, ఏఈ గారూ" అన్నారు డీఈ గారు, చొక్కాకంటిన గ్రీజు చూసుకుంటూ.

"నేనూ అంతేనండి. పడవ దాటించడం ఇదే మొదలు."

ఆయన నన్నొకసారి ఎగాదిగా చూసి, పకపకా నవ్వి, పైఆఫీసుకి ఫోను చేశారు. కట్టరు వాళ్ళని అక్కడి నుంచే వెనక్కి పంపేశారు. వ్యాను మలుపు తిరిగేదాకా నేను చూస్తూ నిలబడ్డాను. గెలిచినప్పుడు అంతమాత్రం చూసుకోవాలి. ఆ మరుసటేడు నుంచి నిమజ్జనాలు లాకుకి దిగువన కట్టించిన మెట్ల దగ్గర జరుగుతున్నాయి. దానికి మళ్ళీ నన్నే ముఖ్య అతిథిగా పిలిచారు, మళ్ళీ శాలువా కప్పారు.

పంటు సాయంత్రానికి వంతెన చేరింది. పొక్లెయిన్ తొండం గుర్రపుడెక్కలోకి దించి లాగినకొద్దీ మేట కదిలింది, కదిలి విరిగింది, విరిగిన సందులోంచి నీరు హోరుమని పడింది. ఊళ్ళకి ఊళ్ళు వచ్చి ఆ హోరు విన్నాయి. పొద్దుపోయేదాకా యంత్రం ఆగలేదు.

మర్నాడు పొద్దున నేను ముంపు చూడడానికి బయల్దేరాను. చేలల్లో నీరు మోకాలి కిందికి దిగిపోయింది. గట్టు మీద వెళ్తుంటే కౌలు ఆవిడ కనబడింది. చేలో దిగకుండా గట్టు మీదే నిలబడి ఉంది. వరి అంతా బురద పూసుకుని ఓ పక్కకి ఒరిగి ఉంది.

"నీరు లాగేసిందమ్మా" అన్నాను.

"లాగేసిందండి."

"మరి చూశావా, ఎలా ఉంది?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "తెల్లారకుండానే వచ్చానండి. దిగడానికి కాళ్ళు రావట్లేదండి. మీరు చూడండి బాబూ. మీరు చెప్పండి."

నేను రైతు ఇంట్లోనే పుట్టాను. నాకూ భయమేసింది. లాకు దాటించడం నా చేతిలో పని, ఇది కాదు. ప్యాంటు మడుచుకుని చేలో దిగాను. ఒక మొక్కని నిలబెట్టి, బురద తుడిచి, పొట్ట ఉబ్బినచోట రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా నొక్కాను. కుళ్ళితే మెత్తగా జారిపోతుంది. జారలేదు. లోపల గట్టిగా, గింజలు గింజలుగా కంకి తగిలింది.

"ఉందమ్మా" అన్నాను.

ఆవిడ ఒక్క ఉదుటున చేలో దిగింది. నేను పట్టుకున్న మొక్కనే తనూ పట్టి చూసింది. తర్వాత పక్క మొక్క, ఆ పక్కది. "ఉందండి, ఇందులోనూ ఉందండి" అంటూ ఒక్కొక్కటే నిలబెట్టుకుంటూ, తడుముకుంటూ, నేనక్కడున్న సంగతే మరిచిపోయి అవతలి గట్టు దాకా వెళ్ళిపోయింది.